ఓటింగ్ యంత్రాల లెక్కకు కాగితంతో పరీక్ష: అమెరికా రాష్ట్రాల నిబంధనలు ఇవీ..

ఎన్నికల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ ఓడిన పక్షం వేలు యంత్రం వైపే చూపుతుంది. గెలిచిన పక్షం ఆ ఆరోపణను కొట్టివేస్తుంది. ఐదేళ్ల తర్వాత స్థానాలు తారుమారైతే మాటలు కూడా తారుమారవుతాయి. మాటలతో ఈ వాదం తెగదు. యంత్రం చూపిన సంఖ్యను మరో ఆధారంతో సరిచూసే నిబంధన ఉన్నప్పుడే ఓడినవారికి జవాబు, గెలిచినవారికి గౌరవం దక్కుతాయి.

ఇటువంటి నిబంధనలు అమెరికాలో రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడ పౌరసత్వం పొంది ఓటు వేస్తున్న తెలుగువారికి ఇవి నేరుగా వర్తిస్తాయి. ఈవీఎంలు, వీవీప్యాట్‌ల గురించి ఇక్కడ చర్చించేవారికి కూడా ఇవి తెలిసి ఉండడం అవసరం. ఏ తనిఖీ నిబంధననైనా నాలుగు ప్రశ్నలతో తూచవచ్చు. సరిచూడడానికి కాగితం ఉన్నదా? ఏది సరిచూడాలో ఎవరు, ఎలా ఎంపిక చేస్తారు? ఫలితాన్ని ఖరారు చేయడానికి ముందు చేస్తారా, తర్వాతా? తేడా వస్తే తర్వాత ఏం జరుగుతుంది?

రాష్ట్రానికో పద్ధతి

భారతదేశంలో పార్లమెంటు, శాసనసభ ఎన్నికలను ఒకే ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. అమెరికాలో అటువంటి ఏక వ్యవస్థ లేదు. దేశాధ్యక్షుని ఎన్నిక సైతం రాష్ట్రాల చట్టాల ప్రకారమే జరుగుతుంది. రాష్ట్రాల్లో కూడా అసలు పని కౌంటీ స్థాయిలో సాగుతుంది. కౌంటీ అంటే స్థూలంగా మన జిల్లా వంటిది. యంత్రాలను కొనడం, బ్యాలెట్లను అచ్చు వేయించడం, ఓట్లను లెక్కించడం చాలావరకు కౌంటీ అధికారుల బాధ్యతే.

పోలింగ్ రాత్రి టీవీల్లో కనిపించే అంకెలు అనధికారికమైనవి. ఆ తర్వాత కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు లెక్కలను సరిచూసి, కౌంటీ స్థాయిలోను, రాష్ట్ర స్థాయిలోను ఫలితాన్ని అధికారికంగా ధ్రువీకరిస్తారు. తనిఖీ ఈ ధ్రువీకరణకు ముందు జరుగుతుందా, తర్వాత జరుగుతుందా అన్నది కీలకమైన అంశం.

కాగితం లేనిచోట తనిఖీ లేదు

2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రం ఫలితం 537 ఓట్ల తేడాతో తేలింది. కార్డులకు రంధ్రం పొడిచి ఓటు వేసే పాత పద్ధతిపై అప్పట్లో దేశమంతటా విమర్శలు వచ్చాయి. పాత యంత్రాలను మార్చుకునేందుకు 2002లో కేంద్ర చట్టం ద్వారా రాష్ట్రాలకు నిధులు ఇచ్చారు. ఆ సొమ్ముతో అనేక కౌంటీలు తెరను తాకి ఓటు వేసే యంత్రాలను కొన్నాయి. వాటిలో చాలా వాటికి కాగితపు రుజువు లేదు.

దాని పర్యవసానం 2006లో అదే ఫ్లోరిడాలో కనిపించింది. 13వ కాంగ్రెస్ నియోజకవర్గంలో గెలుపు తేడా 369 ఓట్లు. ఆ నియోజకవర్గంలోని సారసోటా కౌంటీలో సుమారు 18 వేల మంది పోలింగ్‌లో పాల్గొన్నా, వారి ఓటు ఈ ఒక్క పోటీలో నమోదు కాలేదని యంత్రాలు చూపాయి. వారు కావాలనే వదిలేశారా, తెర మీద ఆ పోటీ వారి కంటపడలేదా, యంత్రం తప్పిందా అన్న ప్రశ్నలు వచ్చాయి. మళ్లీ లెక్కించినా యంత్రం పాత అంకెలనే చూపింది. తర్వాత జరిపిన పరీక్షల్లో యంత్రాలే కారణమనే అవకాశం బాగా తక్కువని తేలింది. అయితే ఓటరు చేతి గుర్తు ఎక్కడా లేనందున ఆ ఓట్ల సంగతిని నేరుగా చూసి నిర్ధారించే దారి లేకపోయింది. 2007లో ఫ్లోరిడా చట్టం చేసి కాగితపు బ్యాలెట్ల వైపు మళ్లింది.

ఇప్పుడు అమెరికాలో అత్యధిక ప్రాంతాల్లో ఓటరు కాగితం మీద గుర్తు పెడతాడు లేదా యంత్రం సాయంతో కాగితం ముద్రించుకుంటాడు. దాన్ని స్కానర్ చదివి లెక్కిస్తుంది. కాగితం పెట్టెలో భద్రంగా ఉంటుంది. లూసియానా వంటి రాష్ట్రంలో మాత్రం 2024 అధ్యక్ష ఎన్నిక నాటికి కూడా ఎక్కువ మంది కాగితం లేని యంత్రాలపైనే ఓటు వేశారు.

ఎంత లెక్కించాలి?

కాలిఫోర్నియా నిబంధన అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి. 1965 నుంచి అక్కడ పోలింగ్ కేంద్రాల్లో 1 శాతాన్ని లాటరీ పద్ధతిన ఎంచి, వాటి బ్యాలెట్లను మనుషులు చేతితో లెక్కిస్తున్నారు. ఈ లెక్కింపును ఎవరైనా వచ్చి చూడవచ్చు. న్యూయార్క్ చట్టం 3 శాతం యంత్రాల లెక్కను తనిఖీ చేయాలంటుంది. పెన్సిల్వేనియా చట్టం ప్రతి కౌంటీలో 2 శాతం బ్యాలెట్లు లేదా 2,000 బ్యాలెట్లు, వీటిలో ఏది తక్కువైతే దాన్ని సరిచూడమంటుంది. మిన్నెసోటాలో కౌంటీలోని నమోదైన ఓటర్ల సంఖ్యను బట్టి ఎన్ని పోలింగ్ కేంద్రాలను లెక్కించాలో నిర్ణయిస్తారు.

ఈ శాతాలన్నిటిలో ఒక లోపం ఉంది. అభ్యర్థి 30 శాతం ఆధిక్యంతో గెలిచినా, అర శాతంతో గెలిచినా లెక్కించవలసిన కాగితాలు ఒకే మోతాదులో ఉంటాయి. భారీ ఆధిక్యం ఉన్నచోట 1 శాతం తనిఖీ అవసరానికి మించినది. హోరాహోరీ పోటీలో అదే 1 శాతం చాలకపోవచ్చు.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలోని గణాంక శాస్త్ర ఆచార్యుడు ఫిలిప్ స్టార్క్ కొత్త పద్ధతిని రూపొందించి 2008లో ప్రచురించారు. దీన్ని రిస్క్ లిమిటింగ్ ఆడిట్ అంటారు. ప్రకటించిన విజేత నిజానికి ఓడిపోయి ఉంటే, ఆ తప్పు తనిఖీ కంట పడకుండా తప్పించుకునే అవకాశం ఒక పరిమితికి, ఉదాహరణకు 5 శాతానికి, మించకుండా చూడడం దీని సూత్రం. ఎన్ని కాగితాలు తీయాలన్నది గెలుపు తేడాను బట్టి మారుతుంది. ఒక్కొక్క బ్యాలెట్‌ను యంత్రం నమోదు చేసిన ఓటుతో పోల్చగలిగినచోట, ఆధిక్యం 10 శాతం ఉంటే, పొరపాట్లేవీ కనబడకపోతే సుమారు 60 బ్యాలెట్లు చూస్తే చాలు. ఆధిక్యం 1 శాతమే అయితే 600కు పైగా చూడాలి. మొత్తం పోలైన ఓట్లు లక్ష అయినా పది లక్షలు అయినా ఈ సంఖ్య పెద్దగా మారదు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటారు. ఆ మాట నిజం కావాలంటే గంజి అంతటా సమానంగా మరిగి ఉండాలి, మెతుకును ఎక్కడినుంచైనా తీసే స్వేచ్ఛ ఉండాలి. ఎంపిక పద్ధతికి అంత ప్రాధాన్యం అందుకే.

ఎంపిక ఎవరి చేతిలో?

ఏ కేంద్రం తనిఖీకి వస్తుందో ముందే తెలిస్తే తనిఖీకి అర్థం లేదు. కొలరాడో రాష్ట్రం ఈ విషయంలో తీసుకున్న జాగ్రత్త అందరినీ ఆకర్షించింది. ఆ రాష్ట్రం 2009లో రిస్క్ లిమిటింగ్ ఆడిట్‌పై చట్టం చేసి, 2017 నవంబరులో రాష్ట్రమంతటా అమలు చేసింది. దేశంలో ఆ పని చేసిన తొలి రాష్ట్రం అదే.

అక్కడ పది ముఖాల పాచికలను ప్రజల ఎదుట వేస్తారు. వచ్చిన అంకెలను వరుసగా పేర్చి 20 అంకెల సంఖ్యను తయారు చేస్తారు. ఆ సంఖ్యను కంప్యూటర్‌కు ఇస్తే ఏ పెట్టెలోని ఎన్నో బ్యాలెట్‌ను తీయాలో జాబితా వస్తుంది. జాబితాను తయారుచేసే విధానం బహిరంగమే కనుక అదే సంఖ్యతో ఎవరైనా తమ కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు. పాచికలు పడేవరకు అధికారికి గానీ, అభ్యర్థికి గానీ, యంత్రం తయారుచేసిన కంపెనీకి గానీ ఏ బ్యాలెట్ బయటికి వస్తుందో తెలియదు. రోడ్ ఐలాండ్ కూడా 2017లో చట్టం చేసి 2020 నుంచి ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది.

అరిజోనా తీరు వేరు. అక్కడ చేతి లెక్కింపునకు మనుషులను రాజకీయ పార్టీలు ఇవ్వాలి. రెండు పక్షాల వారూ కూర్చుని లెక్కిస్తే నమ్మకం కలుగుతుందన్నది ఉద్దేశం. అయితే పార్టీలు మనుషులను పంపకపోతే ఆ కౌంటీలో లెక్కింపే జరగదు. 2020లో కొన్ని కౌంటీల్లో ఇదే జరిగింది.

ఎప్పుడు చేయాలి?

ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో వెల్లింగ్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 2012 మార్చిలో అక్కడ స్థానిక ఎన్నికలు జరిగాయి. ఫలితాలు ప్రకటించారు, ధ్రువీకరించారు. ఆ రాష్ట్రంలో అప్పటి నిబంధన ప్రకారం తనిఖీ ధ్రువీకరణ తర్వాతనే జరిగేది. ఆ తనిఖీలో సిబ్బందికి కాగితాల లెక్కకు, యంత్రం లెక్కకు పొంతన కుదరలేదు. ఆరా తీస్తే ఒక పోటీలోని ఓట్లు మరో పోటీ ఖాతాలో పడ్డాయని తేలింది. రెండు కౌన్సిల్ స్థానాల్లో ఓడినవారిని విజేతలుగా ప్రకటించారు.

ఎవరూ కుట్ర చేయలేదు. బ్యాలెట్‌లోని పోటీల వరుసకు, లెక్కింపు సాఫ్ట్‌వేర్‌లోని వరుసకు తేడా రావడమే కారణం. కాగితం ఉన్నందువల్ల, తనిఖీ జరిగినందువల్ల తప్పు బయటపడింది. కానీ ధ్రువీకరణ అప్పటికే అయిపోయినందువల్ల విషయం కోర్టు దాకా వెళ్లింది. చేతి లెక్కింపు తర్వాతనే అసలు విజేతలకు పదవులు దక్కాయి. తనిఖీ నాలుగు రోజులు ముందు జరిగి ఉంటే కోర్టు మెట్లు ఎక్కవలసిన పని ఉండేది కాదు.

జార్జియా ఇందుకు భిన్నం. 2019 చట్టం కింద అక్కడ ధ్రువీకరణకు ముందే తనిఖీ చేయాలి. 2020 నవంబరు అధ్యక్ష ఎన్నికలో తేడా అతి స్వల్పంగా ఉండడంతో నమూనా సరిపోదని భావించి, 159 కౌంటీల్లోని సుమారు 50 లక్షల బ్యాలెట్లను చేతితో లెక్కించారు. ఈ క్రమంలో ఫ్లాయిడ్ కౌంటీలో 2,600కు పైగా బ్యాలెట్లను అసలు స్కాన్ చేయలేదని, ఫాయెట్ కౌంటీలో 2,755 ఓట్లున్న మెమరీ కార్డును లెక్కలో కలపలేదని బయటపడింది. వాటిని కలిపాక జో బైడెన్ ఆధిక్యం తగ్గింది గానీ ఫలితం మారలేదు. ఆ తర్వాత యంత్రాలతో జరిగిన పునర్లెక్కింపు అనంతరం తుది తేడా 11,779 ఓట్లు.

తేడా వస్తే ఏమిటి?

కాలిఫోర్నియా 1 శాతం లెక్కింపులో తేడా కనిపిస్తే దాన్ని నివేదికలో రాయాలి, ఎలా పరిష్కరించారో చెప్పాలి. తేడా వచ్చింది కనుక మరిన్ని కేంద్రాలను లెక్కించాలని ఆ నిబంధన నిర్బంధించదు. మిన్నెసోటాలో తేడా పరిమితిని మించితే అదనపు కేంద్రాలను లెక్కించాలి. కొలరాడో పద్ధతిలో లెక్క కుదిరేవరకు నమూనాను పెంచుకుంటూ పోతారు. అప్పటికీ కుదరకపోతే మొత్తం బ్యాలెట్లను చేతితో లెక్కించడమే మిగులుతుంది. ఆ లెక్కే తుది లెక్క అవుతుంది.

తనిఖీ నిబంధనకు పదును ఇక్కడే ఉంది. తేడా కనిపించిన తర్వాత ఏం చేయాలో ముందుగా రాసి లేకపోతే, ఆ నిర్ణయం అప్పటికప్పుడు అధికారుల చేతిలోకి వెళుతుంది. అది మళ్లీ వివాదానికి దారి తీస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా మనుషులవే

మిషిగన్ రాష్ట్రంలోని ఆంట్రిమ్ కౌంటీలో 2020 పోలింగ్ రాత్రి వచ్చిన అంకెలు అందరినీ ఆశ్చర్యపరిచాయి. రిపబ్లికన్లకు పట్టున్న ఆ కౌంటీలో బైడెన్ ముందంజలో ఉన్నట్టు చూపాయి. చివరి రోజుల్లో కొన్ని బ్యాలెట్లను మార్చిన సిబ్బంది, అన్ని యంత్రాల్లోనూ ఆ మార్పును నమోదు చేయకపోవడం వల్ల లెక్క తప్పింది. కొద్ది రోజుల్లోనే దాన్ని సరిదిద్దారు. డిసెంబరులో కౌంటీ మొత్తం బ్యాలెట్లను చేతితో లెక్కించగా, ధ్రువీకరించిన లెక్కతో పోలిస్తే డొనాల్డ్ ట్రంప్‌కు నికరంగా పెరిగినవి 12 ఓట్లు మాత్రమే.

నిబంధన లేని తనిఖీ ఎటువంటి గందరగోళం తెస్తుందో అరిజోనాలోని మారికోపా కౌంటీ చూపింది. 2020లో చట్టప్రకారం జరిగిన చేతి లెక్కింపులో యంత్రాల లెక్క సరిపోయింది. అయినా 2021లో రాష్ట్ర సెనేట్ ఎన్నికల అనుభవం లేని సైబర్ నింజాస్ అనే ప్రైవేటు సంస్థకు దాదాపు 21 లక్షల బ్యాలెట్లను అప్పగించింది. నెలల తరబడి సాగిన ఆ వ్యవహారం చివర సెప్టెంబరులో వచ్చిన నివేదిక లెక్కలో బైడెన్‌కు 99 ఓట్లు పెరిగాయి, ట్రంప్‌కు 261 ఓట్లు తగ్గాయి. ఫలితం మారలేదు. అనుమానమూ తీరలేదు. ముందుగా రాసుకున్న నిబంధన లేకుండా, ఫలితం నచ్చనివారి కోరికపై చేసే లెక్కింపు ఎవరినీ సమాధానపరచలేదు.

మన నిబంధనలతో పోలిస్తే..

మన దేశంలో 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికతో వీవీప్యాట్ వాడకం మొదలైంది. 2019 సార్వత్రిక ఎన్నికల్లో అన్ని పోలింగ్ కేంద్రాలకూ విస్తరించింది. మొదట నియోజకవర్గానికి ఒక్క కేంద్రం చీటీలనే లెక్కించేవారు. సగం కేంద్రాల చీటీలను లెక్కించాలని చంద్రబాబునాయుడు సహా 21 ప్రతిపక్షాల నాయకులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఆ సంఖ్యను అసెంబ్లీ సెగ్మెంటుకు 5గా నిర్ణయించింది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లోని 175 నియోజకవర్గాల్లో 875, తెలంగాణలోని 119 నియోజకవర్గాల్లో 595 కేంద్రాల చీటీలను లెక్కించాలి.

పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను మన నిబంధనకు వేసి చూస్తే, మొదటి మూడింటికి జవాబు ఉంది. కాగితపు చీటీ ఉన్నది. అభ్యర్థులు, ఏజెంట్ల సమక్షంలో లాటరీ తీసి కేంద్రాలను ఎంపిక చేస్తారు. ఫలితం ప్రకటించకముందే చీటీలను లెక్కిస్తారు. నాలుగో ప్రశ్నకు జవాబు సగమే. యంత్రం లెక్కకు, చీటీల లెక్కకు తేడా వస్తే ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 56డి ప్రకారం చీటీల లెక్కే చెల్లుతుంది. అయితే ఒక కేంద్రంలో తేడా వస్తే మిగతా కేంద్రాల చీటీలను కూడా లెక్కించాలని కొలరాడో తరహాలో నిర్బంధించే నియమం లేదు. తమకు అనుమానం ఉన్నచోట చీటీలు లెక్కించాలని అభ్యర్థి రాతపూర్వకంగా కోరవచ్చు. నిర్ణయం రిటర్నింగ్ అధికారిదే.

2019లో తేడా వచ్చిన ఒక కేంద్రం కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోనిదే. 63వ పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారి మాక్ పోల్ ఓట్లను తొలగించకపోవడమే కారణమని తేలినట్టు సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో ప్రస్తావించింది. ఆంట్రిమ్‌లో జరిగినట్టే ఇక్కడ కూడా పొరపాటు మనిషిది, పట్టిచ్చింది కాగితం.

అదే తీర్పులో మరో అవకాశం కల్పించారు. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వెలువడిన 7 రోజుల్లోగా దరఖాస్తు చేస్తే, అసెంబ్లీ సెగ్మెంటుకు 5 శాతం వరకు యంత్రాల మెమరీని ఇంజినీర్లతో పరీక్షింపజేస్తారు. ఖర్చు అభ్యర్థిదే. యంత్రాన్ని మార్చినట్టు రుజువైతే సొమ్ము వాపసు ఇస్తారు. 2024లో ఒక్కో సెట్టుకు జీఎస్టీతో కలిపి రూ.47,200 వసూలు చేశారు. ఆ ఏడాది విజయనగరం, జహీరాబాద్ లోక్‌సభ స్థానాల నుంచి, ఒంగోలు, గజపతినగరం అసెంబ్లీ స్థానాల నుంచి దరఖాస్తులు వెళ్లాయి. పరీక్ష పేరుతో యంత్రంలోని సమాచారాన్ని చెరపరాదని, కొత్తగా నింపరాదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి సూచించింది.

ఏజెంట్లు గుర్తుంచుకోవలసినవి

పోలింగ్ మొదలు కావడానికి ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుతారు. ఆ ఓట్లను యంత్రం నుంచి తొలగించారా, చీటీలను వీవీప్యాట్ నుంచి తీసివేశారా అన్నది ఏజెంటు కళ్లారా చూసిన తర్వాతనే సంతకం చేయాలి. పోలింగ్ ముగిశాక పోలైన ఓట్ల సంఖ్యతో ఇచ్చే ఫారం 17సీ నకలును అడిగి తీసుకోవాలి. లెక్కింపు రోజున కంట్రోల్ యూనిట్ చూపే మొత్తాన్ని దానితో పోల్చాలి. తేడా ఉంటే అక్కడికక్కడే రాతపూర్వకంగా ఇవ్వాలి. చీటీల లెక్కింపునకు లాటరీ తీసేటప్పుడు, లెక్కించేటప్పుడు చివరివరకు ఉండాలి. ఫలితం తేలిపోయిందని ఏజెంట్లు ముందుగానే వెళ్లిపోతే, కాగితం ఉండి కూడా దాన్ని చూసే సాక్షి ఉండడు. ఆ తర్వాత యంత్రాన్ని నిందించి ప్రయోజనం ఉండదు.